పోసిన నీళ్లు ఎటు పోయాయి

మార్చి 4

ఇవాళ అందరి ముందూ నన్ను కూర్చోమన్నారు.

నలభై నాలుగేళ్లదాన్ని. చమురు కంపెనీ రిజర్వాయర్ విభాగంలో, నేల కింద చమురు లెక్కలు చూస్తూ, జుట్టు నెరిసినదాన్ని. డ్రిల్లింగు వాళ్లు, ఉత్పత్తి వాళ్లు, హెడ్డాఫీసు నుంచి దిగిన కోటువాళ్లు అందరూ చూస్తుండగా "నువ్వు కూర్చో అమ్మాయ్, నీకు తెలీదు" అన్నారు మా విభాగం పెద్ద, నాకు పని నేర్పిన మాస్టారు. కూర్చున్నాను. అదీ నా మంట. ఎందుకు కూర్చోవాలి?

నేను చెప్పబోయింది ఇది. ఈ ఫీల్డు కింద ఉన్న చమురులో నాలుగో వంతు కూడా పైకి రాలేదు. మిగతాదంతా రాతిలోనే ఉంది. దాన్ని బావుల వైపు నెట్టడానికి నడిమి బావిలోంచి నీళ్లు పంపుతున్నాం. ఏడాదికేడాది ఎక్కువ పంపుతున్నాం. చుట్టూ ఉన్న బావుల్లో ఒత్తిడి మాత్రం పడిపోతూనే ఉంది. మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి? ఇంత చిన్న ప్రశ్న అడగడానికి లేచాను.

ఆయన మాత్రం "రాయి మంచిది కాదు. నీళ్లని కదలనివ్వదు. ఫీల్డు అయిపోయింది, మూసేద్దాం" అన్నారు. కోటువాళ్లు తలలూపారు.

నీళ్లు పంపే పథకం గీసింది ఆయనే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

మార్చి 5

కోపం తగ్గింది.

మార్చి 6

తగ్గలేదు.

మార్చి 9

ఆయన గదికి వెళ్లాను. గుమ్మంలో నిలబడితే నాకు ఇప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. చేరిన కొత్తలో, బావుల్లోంచి తీసిన రాతిముక్కలు దాచే షెడ్డుకి తీసుకెళ్లి, ఒక ముక్క మీద నీటిబొట్టు వేసి "మాట్లాడకుండా చూడు, రాయి ఎలా తాగుతుందో" అన్న మనిషి ఈయనే. చమురు కింద చెరువులా ఉండదని, రాతి రంధ్రాల్లో చెమటలా పట్టుకుని ఉంటుందని నాకు నేర్పింది ఈయనే.

"మాస్టారూ, ఒక్క పరీక్ష చేద్దాం. నడిమి బావి నీళ్లలో రంగు కలుపుదాం. చుట్టూ బావుల్లోంచి రోజూ నీళ్లు పట్టి చూద్దాం. ఎక్కడ రంగు తేలితే నీళ్లు అక్కడికి పోతున్నట్టు."

"తేలకపోతే?"

"తేలుతుంది. పడమటి చివరి బావిలో తేలుతుంది. మధ్యలో ఎక్కడో వదులుగా ఉన్న ఇసుక పొర ఉంది. నీళ్లు దాంట్లో పడి పరిగెత్తిపోతున్నాయి. పంపు దగ్గర ఒత్తిడి చూడండి, ఏడాదికేడాది తగ్గుతోంది. అంత సులువుగా పోతున్నాయంటే ఏంటి అర్థం? ఆ పొరని మూసేస్తే నీళ్లు అసలు రాతిలోకి వెళ్తాయి."

"ఆ గేజీ ముసలిది. నాలాగే."

"మాస్టారూ, నవ్వులాట కాదు."

"నేనూ నవ్వట్లేదు. ఆ పొర లేదు. ఆ బావుల రాతిముక్కలన్నీ ఈ చేతుల్తో పట్టుకు చూశాను. నువ్వప్పుడు పలకా బలపంతో ఉన్నావు."

"అయితే పరీక్షకి భయమెందుకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాదు, అనాల్సిందే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడం చాలాసేపు సాగింది. "నన్ను పరీక్ష పెట్టే స్థాయికి ఎదిగావన్నమాట. సంతోషం. తలుపు వేసి వెళ్లు" అన్నాడు.

అన్నాడు అని రాశాను. కొట్టేసి అన్నారు అని రాయాలి. తర్వాత రాస్తాను.

మార్చి 10

ఇంట్లో కూడా నా పక్షాన ఒక్కరూ లేరు.

మా ఆయన బళ్లో లెక్కలు చెప్తారు. ఆయనకి ప్రతి గొడవా ఇరుపక్కలా సరిచేసి తేల్చేయదగ్గ లెక్కే. "మాస్టారు సెప్టెంబరులో రిటైరవుతారు కదా, అప్పటిదాకా ఆగరాదూ?" అన్నారు.

"అప్పటికి ఫీల్డు ఉండదండీ. సిమెంటు పోసి మూసేస్తారు. మూసిన బావిని మళ్లీ తెరవరు."

"సరే, ఉండదు. మనకేం పోయింది? నీకు ఇంకో ఫీల్డు ఇస్తారు."

నాకేం పోయిందంటే ఏమని చెప్పను? గిన్నె సింకులో పడేసిన చప్పుడుకి అత్తయ్య టీవీ ఆపి వచ్చింది. ఆవిడకి అంతా వివరంగా చెప్పాల్సి వచ్చింది. నేల తుడిచే గుడ్డ ఉదాహరణ చెప్పాను. గుడ్డలో నీళ్లు పిండాలంటే ఒక వైపు నుంచి నొక్కుకుంటూ రావాలి, మధ్యలో చిరుగుంటే నొక్కిందంతా చిరుగులోంచే పోతుంది అన్నాను.

అత్తయ్య అంతా విని "ఇంతకీ ఆయిలు తియ్యడానికా, ఆయన్ని ఓడించడానికా?" అంది.

"ఆయిలు తియ్యడానికే."

"అయితే గిన్నె మీద కసి దేనికే?" అని టీవీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయిలు తియ్యడానికే. నేను నిజమే చెప్పాను.

మార్చి 18

ఆయన తల మీదుగా హెడ్డాఫీసుకి వెళ్లాను. డైరెక్టరమ్మ అరగంట ఇచ్చింది. నేను గీసుకెళ్లిన రాతిపొరల బొమ్మలన్నీ చూసింది. ఆవిడకి రాయి గురించి తెలియదు, మనుషుల గురించి తెలుసు.

"మీ మాస్టారికి చెప్పే వచ్చారా?"

"లేదండీ."

"అయితే నేను చెప్పాలన్నమాట. బాగుంది." పెన్ను మూత పెట్టి తీసి పెట్టింది. "పరీక్ష చేసుకోండి. కానీ ఏ బావిలోనూ రంగు తేలకపోతే, ఫీల్డు మూసేయొచ్చని సంతకం ఆయన పెట్టరు. మీరు పెడతారు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. మెట్లు రెండేసి చొప్పున దిగాను. కోపంతోనే.

మార్చి 27

రంగు కలిపాం.

కలిపింది పిప్పెట్టు. ల్యాబులో రసాయనాలు చూసే నా స్నేహితురాలు. ఎప్పుడూ జేబులో గాజు గొట్టం పెట్టుకుని తిరుగుతుందని ఆ పేరు మేమే పెట్టాం. పొడి ఎర్రగా ఉంటుంది, నీళ్లలో పడితే చిలకపచ్చ. పిడికెడు పొడి చెరువుని పచ్చగా చేస్తుంది. తాగినా ఏమీ కాదట. "నువ్వు ముందు తాగు" అన్నాను. "నీ మొహం చూస్తే నీకే పొయ్యాలనుంది, కాస్త చల్లబడతావు" అంది.

మాస్టారు పంపుహౌసు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. వెళ్లిపోయేటప్పుడు పంపు ఆపరేటరుతో "బేరింగు అరుస్తోంది, చూడు" అన్నారు, అంతే. నాకేసి చూడనైనా లేదు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 6

లేదు.

ఏప్రిల్ 11

లేదు. పడమటి బావి దగ్గర సీసా నేనే పడుతున్నాను. పొద్దున, సాయంత్రం. మామూలుగా అది ఫీల్డు వాళ్ల పని. వాళ్లకి శ్రద్ధ ఉండదు.

ఏప్రిల్ 19

లేదు. క్యాంటీన్లో ఎవరో "మేడమ్, రంగు పడిందా?" అని అడిగారు. పక్కనున్నవాళ్లు టీ పొలమారేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. దవడ నొప్పి పుట్టేలా నవ్వాను.

ఏప్రిల్ 24

పిప్పెట్టుతో గొడవ. నీళ్లలో రంగు పట్టే నీ యంత్రం సరిగ్గా చూడటంలేదు అన్నాను. ఆమె ఒక సీసాలో నీళ్లు పోసి, సూదిమొనతో రంగు తాకించి, యంత్రంలో పెట్టింది. యంత్రం ముల్లు మొదటిసారే గిర్రున తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. నా యంత్రం గుడ్డిదా?"

"నీళ్లు పట్టేవాళ్లు..."

"పట్టేది నువ్వేనే తల్లీ."

క్షమించమని అడగలేదు. రేపు అడుగుతాను.

మే 2

ఏ బావిలోనూ లేదు. తూర్పున లేదు, పడమట లేదు, ఎక్కడా లేదు. నేను చెప్పిన పొర ఉంటే ఈపాటికి తేలాలి. మాస్టారు చెప్పినట్టు రాయి నీళ్లని కదలనివ్వకపోతే పంపు ఇన్ని నీళ్లు మింగకూడదు. రెండూ కాకపోతే నీళ్లు గాలిలో కలిశాయా?

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నాను! నాది మాత్రం ఎన్ని కాళ్ల కుందేలు?

డైరెక్టరమ్మ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సంతకం సోమవారం.

మే 4, సోమవారం

సంతకం పెట్టలేదు. ఏం జరిగిందో వరసగా రాయాలి, లేకపోతే రేపు నాకే నమ్మకం కుదరదు.

పొద్దున గేటు దగ్గర అరుపులు. మా కంచె అవతల ఒక పెద్ద లాండ్రీ ఉంది, ఆసుపత్రి దుప్పట్లు, హోటల్ దుప్పట్లు ఉతుకుతారు. దాన్ని నడిపే ఆవిడ, నా కంటే పొడుగు, జబ్బలు మగవాడి జబ్బల్లా ఉంటాయి, తోపుడుబండి నిండా తడి దుప్పట్లు వేసుకుని గేటుకి అడ్డం పెట్టింది. కార్లన్నీ ఆగిపోయాయి. సెక్యూరిటీవాడు "అమ్మా, అమ్మా" అంటున్నాడు.

"ఎవడ్రా మీలో పెద్ద? రమ్మను! ఇన్నేళ్లూ నీళ్లు ఉప్పగా అయ్యాయంటే వినలేదు. సబ్బు నురగ రావట్లేదంటే వినలేదు. బాయిలర్లు తుప్పు పట్టి పగిలితే నీ కర్మ అన్నారు. ఇదిగో, ఇప్పుడు దీన్నేమంటారు?"

ఒక దుప్పటి దులిపి గేటు మీద పరిచింది.

చిలకపచ్చ.

నేను కారు మధ్యలో వదిలేసి దిగాను. దుప్పటి చేత్తో పట్టుకున్నాను. నా వెనకే పిప్పెట్టు వచ్చి, అంచుని వేళ్లతో పిండి చుక్కలు సీసాలోకి పట్టింది.

"ఈ నీళ్లు ఎక్కడివండీ?" అని అడిగాను.

"ఎక్కడివేంటి? మా బోరువి. పెద్ద లోతు కూడా కాదు. మా నాన్న తవ్వించినప్పుడు కొబ్బరినీళ్లలా ఉండేవి."

అంత పైనున్న బోరులో మా రంగు తేలిందంటే ఒక్కటే అర్థం, మా నీళ్లు చమురు రాతి దాకా వెళ్లడమే లేదు. నడిమి బావి పొడవునా దించిన ఉక్కు గొట్టం పైభాగంలో ఎక్కడో తుప్పుతో పుచ్చిపోయింది. మేం పంపేది చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్లే, అవి ఆ కన్నంలోంచి బయటపడి, మనుషులు వాడుకునే మంచినీటి పొరలోకి పోతున్నాయి. పంపు ఒత్తిడి తగ్గింది అందుకే. అదే అంకె చూసి నేనేమో వదులు పొర అన్నాను, ఆయనేమో గేజీ ముసలిది అన్నారు.

బూడిదలో పోసిన పన్నీరు అందామంటే అదీ కాదు. ఆవిడ నోట్లో పోశాం.

"ఏమ్మా, మాట్లాడవేం? నువ్వేనా పెద్ద?" అంది.

"కాదు. కానీ పెద్దవాళ్లని పిలుస్తాను" అన్నాను.

"పిలు. నేనెక్కడికీ పోను. ఈ దుప్పట్లు రేపు ఆసుపత్రికి ఇవ్వాలి, ఇవ్వలేను కదా."

పంపు ఆపించాను. ఎవరినీ అడగలేదు.

మే 8

పరికరాల బండి వచ్చింది. బావిలోకి దించే ఆ గొట్టంలాంటి దానికి చెవులుంటాయి, కింద నీళ్లు ఎక్కడ సొరబడుతున్నాయో వింటుంది. అది వినడం కోసం కాసేపు పంపు మళ్లీ నడపాల్సి వచ్చింది. నడుస్తున్నంతసేపూ నాకు ఒళ్లు కంపరంగా ఉంది.

బండి లోపల తెర ముందు నేను, ఆపరేటరు. వెనక మాస్టారు. ఎప్పుడు ఎక్కారో చూడలేదు. లోతుగా, చమురు రాతి దగ్గర తెర మీద గీత కదలకుండా నిటారుగా ఉంది, నీళ్ల చప్పుడే లేదు. పైకి లాగుతూ వచ్చారు. మంచినీటి పొర దగ్గరికి వచ్చేసరికి గీత పిచ్చెక్కినట్టు ఊగిపోయింది.

మాస్టారు ఊపిరి వదిలారు, మోసుకొచ్చిన మూట దించినట్టు.

"అయితే నా డిజైను తప్పు కాదన్నమాట" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"అదా మీకు కనపడింది?" అన్నాను. "ఈ తెర మీద మీకు కనపడింది అదా?"

"అమ్మాయ్, మెల్లగా..."

"అమ్మాయ్ అనకండి. గొట్టం తనిఖీ ఏడాదికోసారి చెయ్యాలి. ఖర్చు దండగ అని ఎవరు ఆపించారు?"

"ఆ బావి నేను దగ్గరుండి కట్టించాను. దానికేమవుతుందని..."

"పుచ్చిపోయింది. అదీ అయింది. మీ డిజైను మంచిదే. మీరు చెప్పినట్టే నా పొరా లేదు, నేను తప్పే. ఒక్కసారి లోపలికి చూసి ఉంటే మీ డిజైను మంచిదని ఎప్పుడో తేలేది! చమురూ వచ్చేది! ఆవిడ నీళ్లూ ఉండేవి! మీ గొప్పని మీరే పరీక్ష చెయ్యనివ్వలేదు. ఎందుకు? ఎందుకండీ?"

ఆపరేటరు తెరలో తల దూర్చేశాడు. మాస్టారు మెట్లు పట్టుకుని దిగారు. ఒక మెట్టు తప్పారు. చెయ్యి ఇవ్వబోయి ఆగాను.

ఇవ్వాల్సింది. ఇవ్వకపోవడం నాకేం బాగాలేదు. కానీ ఇవ్వలేదు.

మే 9

పిప్పెట్టుని క్షమించమని అడిగాను. "ఏ గొడవ గురించి? చాలా ఉన్నాయి" అంది.

మే 20

లాండ్రీ ఆవిడ ఫిర్యాదు మీద విచారణ. పొడుగు బల్లకి ఒకవైపు డైరెక్టరమ్మ, లా ఆఫీసరు, మాస్టారు, నేను. ఎదురుగా లాండ్రీ ఆవిడ ఒక్కతే. బల్ల చివర విచారణ అధికారి మాటలన్నీ రాసుకుంటున్నారు. పక్క కుర్చీలో మడతపెట్టిన పచ్చ దుప్పటి.

నిన్నే లా ఆఫీసరు నన్ను పక్కకి పిలిచి "మేడమ్, రంగు ఎక్కడి నుంచైనా రావొచ్చు కదా. మీరు 'ఖచ్చితంగా చెప్పలేం' అంటే చాలు" అన్నాడు. అనను అన్నాను. "అనకపోతే మీరు మళ్లీ ఈ ఫీల్డులో ఉండరు" అన్నాడు మర్యాదగా. సరే, ఉండను అనుకుని, చెప్పాల్సిందంతా గుర్తు పెట్టుకుని వచ్చాను.

అతను మొదలుపెట్టాడు. "ఆ ప్రాంతంలో భూగర్భ జలాలు సహజంగానే..."

"ఆ నీళ్లు మావే" అన్నారు మాస్టారు.

లా ఆఫీసరు "సార్, ఒక్క నిమిషం" అన్నాడు.

"నిమిషం ఎందుకయ్యా? గొట్టం పుచ్చింది. నీళ్లు బయటపడ్డాయి. మావే. రాసుకోండి. కింద పథకంలో ఏ లోపం లేదు, అది కూడా రాసుకోండి. నీళ్లు రాతి దాకా చేరుంటే చమురు వచ్చేది. రాసుకున్నారా?"

రాసుకున్నారు. దెబ్బకి అంతా అయిపోయింది. నోటిదాకా వచ్చిన నా మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

బయట వరండాలో లాండ్రీ ఆవిడతో అన్నాను, "ఆయన మీ కోసం చెప్పలేదండీ. తన పథకం మంచిదని కాగితం మీదికి ఎక్కించుకోవడానికి చెప్పారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు చెప్తే నాకేంటమ్మా? చెప్పాడుగా. ఇన్నేళ్లలో ఒక్కడు చెప్పాడా?"

నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఎంత అన్యాయమో చూడు, ఆవిడ మీద!

జూన్ 17

పాత నడిమి బావిని సిమెంటుతో నింపి మూసేశారు. పక్కన పనిలేకుండా పడున్న ఇంకో బావిని నీళ్లకి వాడాలి. లోపల కొత్త గొట్టం, నెలనెలా తనిఖీ. తనిఖీ మాట నేనే రాయించాను. ఫీల్డు మూసివేత వాయిదా. నన్ను ఎక్కడికీ పంపలేదు, బహుశా మర్చిపోయారు.

లాండ్రీకి కంపెనీ ట్యాంకరుతో నీళ్లు పంపుతోంది. బాయిలర్లు కొత్తవి ఇచ్చారు.

సెప్టెంబరు 30

మాస్టారి రిటైర్మెంటు. టీ, బిస్కెట్లు, ఉపన్యాసాలు. నేను వెనక వరసలో నిలబడ్డాను. నా గురించి ఆయన ఒక్క మాట అన్నారు: "నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఎదురు చెప్పడం కూడా నేర్చుకున్నది మాత్రం ఒక్కరే." అందరూ చప్పట్లు కొట్టారు. ఇది పొగడ్తో తిట్టో మా ఆయన ఇంకా తేల్చలేకపోతున్నారు. నాకు అక్కర్లేదు. క్షమాపణ అయితే మాత్రం కాదు.

నవంబరు 11

తూర్పు బావిలో ఒత్తిడి పెరిగింది. గేజీ కొత్తది. రెండుసార్లు చూశాను.

నవంబరు 29

అన్ని బావుల్లోనూ పెరుగుతోంది. చమురు రోజువారీ లెక్క రెట్టింపు దాటింది. రాయి మంచిదే. మొదటి నుంచీ మంచిదే.

మాస్టారు ఫోను చేశారు. "ఎంత?" అన్నారు. చెప్పాను. అవతల ఊపిరి వినపడింది. "వదులు పొర లేదు కదూ?" అన్నారు. లేదన్నాను. పెట్టేశారు.

నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమొచ్చింది.

డిసెంబరు 14

ఆఫీసులో కేకు కోశారు. చావుబతుకుల్లో ఉన్న ఫీల్డుని బతికించామట. డైరెక్టరమ్మ నన్ను ముందుకి పిలిచింది, ఫోటోలు తీశారు. మే నెలలో 'ఖచ్చితంగా చెప్పలేం' అనమన్న లా ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కేకు సగంలో వదిలేసి బయటికి వచ్చాను. కంచె చుట్టి లాండ్రీకి నడిచాను.

ఆవిరి, సబ్బు వాసన. ఆవిడ ఇద్దరు పనివాళ్లతో కలిసి దుప్పటి పిండుతోంది. నన్ను చూసి దుప్పటి కొస నా చేతికిచ్చింది, పట్టుకోమని. పట్టుకున్నాను.

"మీకు ఆయిలు బాగా వస్తోందట కదా" అంది.

"వస్తోంది."

"మంచిది. మరి మా బోరు నీళ్లు ఎప్పటికి బాగుపడతాయి?"

కింద రాతిలో నీళ్లు ఎంత వేగంగా కదులుతాయో నేను లెక్క కట్టగలను. చమురు ఏ నెలలో ఎంత వస్తుందో చెప్పగలను. ఇదెవరూ నన్ను లెక్క కట్టమనలేదు. నేనూ కట్టలేదు.

"తెలీదండీ" అన్నాను. "వదిలేస్తే మన జీవితకాలంలో బాగుపడవు."

"వదిలెయ్యకపోతే?"

దుప్పటి అటు నుంచి ఆవిడ మెలితిప్పింది. నీళ్లు నా చెప్పుల మీద కారాయి.

"ఉప్పునీళ్లు తోడెయ్యాలి. దానికి బావులు తవ్వాలి, పంపులు పెట్టాలి. ఏళ్లు పడుతుంది. పైగా ఒక్క చుక్క ఆయిలు రాదు."

"అయితే చెయ్యరులే" అంది, ఇంకో దుప్పటి అందుకుంటూ. కోపం కూడా లేదు గొంతులో. అది నన్ను కోసేసింది. గేటు మీద దుప్పటి పరిచిన మనిషికి కోపం అయిపోకూడదు.

నా దగ్గర చాలా ఉంది.

డిసెంబరు 15

పొద్దున్నే డైరెక్టరమ్మకి ఫోను చేశాను. తవ్వాల్సిన బావులు ఎక్కడో, తోడాల్సిన నీళ్లు ఎన్నో చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీకు నిన్ననే కదండీ ఫోటో తీశాం" అంది.

కుదరదంది.

రేపు హెడ్డాఫీసుకి వెళ్తున్నాను. ఈసారి కూర్చోమన్నా కూర్చోను.